పంచాంగం కంటె ముందు తల్లి ముఖం చూడండి

(సామూహిక సీమంతోత్సవ సందర్భంగా ఆలయ మండపంలో చేసిన ఉపన్యాసానికి అక్షరరూపం)





ఈ కృష్ణపట్నం తీరంలో, స్వామి సన్నిధిలో, పసుపు కుంకుమలతో, నిండు గాజులతో కూర్చున్న గర్భవతులందరికీ నా ఆశీస్సులు. మీలో కొందరు జొన్నవాడ కామాక్షితాయి సన్నిధిలో కొడిముద్ద స్వీకరించి, ఏళ్ళు ఎదురుచూచి ఈ ఫలాన్ని పొందినవారు. చీరలు, గాజులు, పండ్లు సమర్పించి ఈ ఉత్సవాన్ని జరిపించిన దాతలకు కూడా శుభమగుగాక.

సీమంతమంటే గాజులు తొడగడం, అక్షతలు వేయడం మాత్రమే కాదు. గర్భిణి మనసుకు ధైర్యాన్ని, సంతోషాన్ని కలిగించడం ఈ సంస్కారానికి ప్రధాన ప్రయోజనం. కనుక నేడు పురాణకాలక్షేపం వలె కాక, మీ మనసులలో ఉండి పైకి రాని ఒక భయాన్ని గురించి మాట్లాడదలచాను.

మొన్న మాఘమాసంలో నెల్లూరు నుంచి నా మనుమరాలు ఫోను చేసింది. దానికి అది తొలి చూలు. నెలలు నిండి, 41 వారాలు కూడా గడిచాయి. నొప్పులు రాలేదు. మరునాడు ఆసుపత్రిలో చేరితే మందు పెట్టి నొప్పులు రప్పిస్తామని డాక్టరమ్మ చెప్పారు. “తాతయ్యా, అందరికీ వాటంతటవే వచ్చే నొప్పులు నాకెందుకు రాలేదు? నాలో ఏదైనా దోషముందా? బిడ్డ రావలసిన వేళకు రాకుండా మనం తొందరపెట్టడం పాపం కాదా? ఇలా కంటే నేను కన్నట్టేనా?” అని అడిగింది. దాని కంఠంలో వణుకు నాకు వినబడింది. ఆ వెనుకనే దాని అత్తగారు ఫోను తీసుకొని, “బాబాయిగారూ, రేపు ఏ వేళకు మందు పెట్టమంటారో మంచి లగ్నం చూసి చెప్పండి” అన్నారు.

ఒకే ఫోనులో నాలుగు ప్రశ్నలు. దోషమా, పాపమా, కొరతా, ముహూర్తమా? ఈ నాలుగింటికీ నేను చదువుకొన్న చదువు ఏమి చెబుతుందో మనవి చేస్తాను. అయితే అంతకు ముందు నా అపరాధమొకటి ఈ సభలో ఒప్పుకోవాలి. గర్భవతులు భయపడవద్దు, కథ సుఖాంతమే. ఇది మీకంటె మీ పెద్దలు వినవలసిన మాట.

1976లో మా ఇంటావిడకు తొలి కాన్పు. నాకప్పుడు ఇరవైయారేళ్ళు. పాఠశాల నుంచి శాస్త్రం కొత్తగా చదువుకొని వచ్చినవాణ్ణి. తెలియనిదేదీ లేదని తలచే వయస్సు. నెల్లూరులో చూచిన డాక్టరమ్మ, “రోజులు దాటాయి, కాళ్ళకు నీరు పట్టింది, రక్తపు పోటు ఎక్కువగా ఉంది. నేడే చేర్చండి, నొప్పులకు సెలైను పెడతాను” అన్నారు. నేను పంచాంగం తెరిచాను. మరునాడు అమావాస్య. “పాడ్యమి వెళ్ళి, విదియ నాడు చేరుద్దాం” అని చెప్పి కృష్ణపట్నానికి తీసుకొని వచ్చాను. అమావాస్య రాత్రి ఆమెకు ఉమ్మనీరు పోయింది. తలనొప్పి, కళ్ళు మసకలు. ఆ రోజులలో ఇక్కడ ఇన్ని దీపాలు లేవు, ఈ రహదారులు లేవు. ముత్తుకూరు మీదుగా నెల్లూరు చేరడానికి రాత్రివేళ బస్సు లేదు. చేపల వ్యాపారం చేసే ఒక ఆసామి నిద్ర లేచి, తన జీపులో తీసుకొని వెళ్ళాడు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. పుట్టిన బిడ్డ చాలాసేపు ఏడవలేదు. ఆ కాసేపు నేను ఏ స్తోత్రం చదివానో నాకు జ్ఞాపకం లేదు. చివరకు ఏడ్చింది. తల్లీ బిడ్డా దక్కారు.

పదిరోజుల తరువాత మా ఇంటావిడ ఒక్క మాట అన్నారు. “మీరు పంచాంగం చూశారు గానీ, నా ముఖం చూడలేదు.”

ఆమె ఈ సభలో మొదటి వరుసలోనే ఉన్నారు. ఆమె అనుమతితోనే ఇది చెబుతున్నాను. ఆ మాట విని యాభై ఏళ్ళు కావస్తున్నది. ఆ తరువాత నేను చదివిన ప్రతి గ్రంథంలోనూ ఆ మాటకు సమాధానం వెదుకుతూనే ఉన్నాను. ఆనాడు పుట్టిన బిడ్డే నాకు ఫోను చేసిన మనుమరాలి తల్లి.

ఇక మొదటి ప్రశ్న. నొప్పులు వాటంతటవి రాకపోవడం దోషమా?

చరకసంహిత శారీరస్థానంలో ప్రసవకాలం చెప్పబడింది. తొమ్మిదవ నెల ప్రవేశించినది మొదలు పదవ నెల వరకు ప్రసవకాలమనీ, అటుపైన గర్భం కడుపులో నిలిచి ఉండడం ప్రకృతి కాదు, వికృతి అనీ అక్కడి నిర్ణయం. “బిడ్డ ఎప్పుడు రావాలో అప్పుడే వస్తుంది, ఎంతకాలమైనా చూడవలసిందే” అన్న మాట మన శాస్త్రంలో లేదు. నేటి వైద్యులు చివరి బహిష్టు మొదటి దినం నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కిస్తారు. ఆ లెక్కకు సరిగ్గా ఆనాడే పుట్టే బిడ్డలు కొద్దిమంది. కొంచెం ముందు, కొంచెం వెనుక కావడం సహజం. 41 వారాలు నిండినా నొప్పులు రాని తల్లులకు నొప్పులు రప్పించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తున్నది. గడువు దాటిన కొద్దీ లోపల మాయ చేసే పోషణ తగ్గవచ్చు. రక్తపు పోటు, మధుమేహం ఉన్నవారికి, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోయినవారికి, బిడ్డ ఎదుగుదల సరిగా లేనివారికి కూడా వైద్యులు ఈ మార్గం చెబుతారు. తల్లి చేసిన తప్పు ఇందులో ఏదీ లేదు. చెట్టున పండు ఒకటి ముందు, ఒకటి వెనుక పండితే చెట్టును ఎవరూ నిందించరు కదా!

రెండవ ప్రశ్న. మందుతో నొప్పులు రప్పించడం పాపమా?

మనలో చాలామంది ఆపస్తంబసూత్రీయులు. ఆపస్తంబ గృహ్యసూత్రంలో సీమంతం, పుంసవనం చెప్పిన వెంటనే క్షిప్రసువనమనే కర్మ చెప్పబడింది. క్షిప్రసువనమంటే శీఘ్రంగా ప్రసవింపజేయడం. ప్రసవవేదనలో ఉన్న స్త్రీ కోసం కొత్త మూకుడుతో, ప్రవాహం పారే దిశగా నీరు ముంచి తెచ్చి, ఆమె పాదాల చెంత ఒక ఓషధిని ఉంచి, ఆమె శిరస్సును తాకి, మంత్రపూర్వకంగా ఆ నీటిని ప్రోక్షించాలి. ప్రసవం త్వరగా, సుఖంగా జరగాలని ప్రయత్నించడం పాపమైతే, మహర్షి దానికొక విధిని ఎందుకు చెబుతాడు?

ఇప్పుడొక విశేషం వినండి. ఆసుపత్రిలో నొప్పుల కోసం సెలైనులో కలిపి చుక్కలు చుక్కలుగా ఎక్కించే మందు పేరు ఆక్సిటోసిన్. అది గ్రీకు మాటల నుంచి వచ్చిన పేరు. దాని అర్థం శీఘ్రప్రసవమని. మన సూత్రకారుని మాటకూ, ఆ మాటకూ అర్థమొక్కటే! 1953లో డూ విన్యో అనే అమెరికా శాస్త్రవేత్త దానిని ప్రయోగశాలలో తయారు చేశాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. అయితే ఆ పదార్థం కొత్తగా పుట్టినది కాదు. ప్రతి తల్లి శరీరంలోనూ అది సహజంగా ఊరుతుంది. ప్రసవవేళ గర్భాశయాన్ని సంకోచింపజేసేది అదే. బిడ్డ నోరు తగలగానే పాలు చేపునకు తెచ్చేది కూడా అదే. కనుక ఆ చుక్కలలో మీ లోపలికి వచ్చేది పరాయి పదార్థం కాదు, మీ శరీరం ఎరిగినదే.

చరకసంహితలోనే మరొక చర్చ ఉంది. నొప్పులు పడుతున్నా ప్రసవం కాని స్త్రీ చేత రోకలి పట్టించి, ధాన్యం నింపిన రోటిలో మాటిమాటికీ దంపించాలని కొందరి మతం. ఆత్రేయ మహర్షి దానిని అంగీకరించలేదు. గర్భిణికి కఠినమైన శ్రమ తగదు, ఆ సమయంలో అది ప్రాణాపాయమని ఖండించి, సుకుమారమైన ఉపాయాలను చెప్పాడు. నొప్పి రాకుండా ముక్కవద్దనీ, అది వ్యర్థమే కాక బిడ్డకు హాని అనీ హెచ్చరించాడు. సహాయం చేయాలా వద్దా అని ఆ ఋషులు వాదించలేదు. ఏ సహాయం తల్లికి హాని చేయదన్నదే వారి విచారణ. నేడు కూడా మనం అడగవలసిన ప్రశ్న అదే.

ఆత్రేయుని ఆ హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది. ఇంటి దగ్గరనే నొప్పుల సూది వేస్తామని ఎవరైనా అంటే, ఎంత తెలిసినవారైనా వద్దనండి. ఆ మందును కొలిచి, గర్భాశయం సంకోచాన్నీ బిడ్డ గుండె చప్పుడునూ గమనిస్తూ, అవసరమైతే వెంటనే ఆపరేషను చేయగల చోటనే ఎక్కించాలి. ఆముదం తాగడం వంటి ఇంటి చిట్కాలు కూడా డాక్టరును అడగకుండా చేయవద్దు.

తెలియని దానికే భయం ఎక్కువ. కనుక జరిగేది చెబుతాను. ముందుగా గర్భాశయ ద్వారం మెత్తబడడానికి జెల్ పెడతారు, లేదా మాత్ర ఇస్తారు. కొందరికి చిన్న బెలూను వంటి గొట్టం అమర్చి, కొన్ని గంటల తరువాత తీస్తారు. ఆ తరువాత అవసరమైతే సెలైను పెడతారు. తొలి కాన్పులో ఇదంతా ఒక రోజు, ఒక్కొక్కసారి అంతకు మించి పట్టవచ్చు. ఆలస్యమైనంత మాత్రాన ఏదో జరిగిందని అనుకోవద్దు. సెలైనుతో వచ్చే నొప్పులు బలంగా ఉండవచ్చు. ఉపశమనానికి ఏముందని ముందే అడగండి. నాకు మందు ఎందుకు పెడుతున్నారు, పెట్టకపోతే ఏమవుతుంది, ఇంకొంత వేచి చూడవచ్చా, ఫలించకపోతే ఏమి చేస్తారు అని కూడా అడగండి. అలా అడగడం డాక్టరును అవమానించడం కాదు. కొందరికి చివరకు ఆపరేషను కావచ్చు. అది ఓటమి కాదు.

ఇక ముహూర్తం మాట. పెద్దలారా, ఇది మీకు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషనుతో జరుగుతుంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దీనికి కారణాలు అనేకం. వాటిలో మా పంచాంగం కూడా ఒకటి కావడం నాకు సిగ్గు కలిగించే విషయం. శాస్త్రం ఏమి చెప్పింది? తొమ్మిదవ నెల రాగానే శుభదినాన గర్భిణిని సూతికాగృహంలో ప్రవేశపెట్టమన్నాడు చరకుడు. ముహూర్తం అక్కడికే, ముందుగా అన్నీ సిద్ధం చేసుకోవడానికే. ప్రసవవేదన ముహూర్తానికి తేవలసినదని ఆయన చెప్పలేదు. పుట్టిన వెంటనే చేయవలసిన జాతకర్మ నైమిత్తికం. నిమిత్తం కలిగినప్పుడు చేయవలసినదే, తిథివారాలకు ఆగదు. జాతకం పుట్టిన వేళను బట్టి వ్రాసేది. జాతకం కోసం పుట్టుక వేళను మార్చడం తలకిందుల పని. మంచి లగ్నం కోసం వైద్యుడు చెప్పిన వేళను వాయిదా వేయడం ఎంత తప్పో, అవసరం లేకుండానే ముందుకు జరపడం కూడా అంతే తప్పు. నా మనుమరాలి అత్తగారితో, “అమ్మా, డాక్టరమ్మ చెప్పిన వేళే శుభలగ్నం. మీరు పంచాంగం మూసి, కోడలి పక్కన కూర్చోండి” అన్నాను. ఆమె ఉత్తమురాలు. అలాగే చేశారు.

వ్యాసభారతంలో దీనికి గొప్ప నిదర్శనముంది. అశ్వత్థామ అస్త్రం వల్ల ఉత్తర గర్భంలోని శిశువు ప్రాణం లేకుండా పుట్టిన కథ మీరెరుగుదురు. తిక్కన సోమయాజి మన నెల్లూరిలో నివసించి తెనిగించిన పర్వాలలో ఈ ఆశ్వమేధికం కూడా ఒకటి. సంస్కృతమూలంలో కృష్ణుడు ఆ పురిటిగదిలో ప్రవేశించినప్పటి వర్ణన చూడండి. నిండు నీటికుండలు, నెయ్యి, ఆవాలు, వెలుగుతున్న అగ్నులు, చుట్టూ పరిచర్య చేసే వృద్ధస్త్రీలు, వారితోపాటు నిపుణులైన వైద్యులు. అదంతా చూచి కృష్ణుడు సంతోషించి, బాగు బాగు అన్నాడట! బిడ్డను బ్రతికించడానికి తానే వచ్చినవాడు, వైద్యులను చూచి, నేనుండగా వీరెందుకని అనలేదు. మెచ్చుకొన్నాడు. మనిషి చేయవలసినదంతా చేసిన చోటికే దైవం సంతోషంతో వస్తుందని నేను ఆ ఘట్టాన్ని అర్థం చేసుకొన్నాను.

తిరుచిరాపల్లి కొండమీది మాతృభూతేశ్వరుని కూడా స్మరిద్దాం. రత్నావతి అనే స్త్రీకి పురుడు వచ్చింది. కావేరి పొంగి, తల్లి ఏరు దాటి రాలేకపోయింది. అప్పుడు పరమశివుడు ఆ తల్లి రూపంలో వచ్చి, పురుడు పోశాడని స్థలపురాణం. ఆయన తలచుకొంటే కైలాసం నుంచే నొప్పి తీయలేడా? కానీ పక్కన కూర్చునే మనిషి రూపంలో వచ్చాడు. ఆ వేళ ఆడబిడ్డకు కావలసినది అదే. చరకుడు కూడా పలుమార్లు ప్రసవించిన, అనుభవమూ ప్రేమా కలిగిన స్త్రీలు గర్భిణి చుట్టూ ఉండి ఆమెను ఓదార్చాలన్నాడు. నేటి ఆసుపత్రులలో అందరినీ లోపలికి రానివ్వరు. ఒక్కరినైనా ఉండనిస్తారా అని ముందే అడిగి ఉంచండి.

మిగిలినది కొరత మాట. మందుతో కంటే నేను కన్నట్టేనా అని కదా ప్రశ్న!

మన రేవునే చూడండి. 2008లో రేవు పని ప్రారంభమైన నాటి నుంచి పెద్ద పెద్ద ఓడలు ఇక్కడికి వస్తున్నాయి. సముద్రాలన్నీ దాటి వచ్చిన ఓడ కూడా మన తీరం దగ్గర లంగరు వేసి నిలుస్తుంది. పైలట్ ఎక్కుతాడు, టగ్గులు వచ్చి పట్టుకొంటాయి, అప్పుడు గానీ గట్టుకు చేరదు. అంతమాత్రాన ఆ ఓడ తనంతట ప్రయాణం చేయలేదని ఎవరైనా అంటారా? తొమ్మిది నెలలు మోసినది మీరు. చివరి మైలులో ఒక చేయి తోడైతే ఆ ప్రయాణం మీది కాకుండా పోదు.

నా మనుమరాలికి సాయంత్రం జెల్ పెట్టారు. మరునాటి ఉదయం సెలైను పెట్టారు. ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. మూడవ రోజు నేను చూడడానికి వెళితే, అది గోడ వైపు తిరిగి కన్నీరు పెట్టుకొంటున్నది. “తాతయ్యా, బిడ్డను చేతికిచ్చినప్పుడు నాకు నిద్ర తప్ప మరేమీ తోచలేదు. అందరూ ఆనందబాష్పాలు అంటారే, నాకు రాలేదు. నేను తల్లినేనా?”

నేను దానికి యశోదను గురించి చెప్పాను. భాగవతంలో, యశోద ప్రసవశ్రమతో అలసి, యోగమాయ వల్ల ఒళ్ళు తెలియని నిద్రలో మునిగి, తనకు పుట్టినది ఆడపిల్లో మగపిల్లవాడో కూడా ఎరుగదు. తెల్లవారి లేచి పక్కనున్న బిడ్డను చూచుకొన్నది. ఆ మొదటి ఘడియ ఆమెకు జ్ఞాపకం లేదు. అయినా మాతృత్వానికి మనం చెప్పుకొనే తొలి పేరు యశోదే! పాలిచ్చి, రోటికి కట్టి, వెన్న పెట్టి, వెంటపడి పరుగెత్తి ఆమె తల్లి అయింది. తల్లి కావడం ఒక ఘడియలో ముగిసే పని కాదు తల్లీ, నీకింకా చాలా రోజులున్నాయి అన్నాను. అది కన్నీళ్ళలోనే నవ్వింది. బిడ్డ ఏడిస్తే ఇటు తిరిగింది.

పురుడైన మొదటి దినాలలో ఇలా కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. విశ్రాంతితో, ఆదరణతో తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్రాహారాలు కరవైతే, బిడ్డను చూస్తే భయమో విసుగో కలుగుతుంటే, తనకు గానీ బిడ్డకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే, దృష్టి తగిలిందని ఊరుకోక డాక్టరుకు చూపించండి. హాని ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగవద్దు, వెంటనే చూపించండి. దానికీ వైద్యముంది.

చివరగా రెండు మనవులు. ఇంటి పెద్దలారా! డాక్టరు రమ్మన్న రోజున తిథి వెదకకండి. తలనొప్పి, కళ్ళు మసకలు, నీరు పోవడం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోను చేసి బయలుదేరండి. దాతలారా! అన్నదానం, వస్త్రదానం మహాఫలప్రదాలే. మీ వీధిలో నెలలు నిండిన పేదింటి ఆడపడుచు ఉంటే, “రాత్రి ఏ వేళైనా మా తలుపు తట్టండి, మా కారు మీదే” అని ఒక మాట చెప్పి ఉంచండి. నా సంతానం ఈనాడు ఇలా ఉన్నదంటే, ఆ అమావాస్య రాత్రి ఒక ఆసామి చేసిన జీపు దానమే కారణం. ఆయన ఏ సంకల్పమూ చెప్పుకోలేదు, ఏ రసీదూ తీసుకోలేదు.

ఋగ్వేదం అయిదవ మండలంలో, సప్తవధ్రి ఋషి సూక్తంలో, గర్భిణి కోసం ఒక ప్రార్థన ఉంది. గాలికి తామరకొలను కదలినట్లు బిడ్డ కదలి రావాలనీ, ప్రాణంతో ఉన్న తల్లి నుంచి ప్రాణంతో, ఏ గాయమూ లేకుండా బయటికి రావాలనీ దాని భావం. ఆ ఋషి మొదట కోరినది శుభలగ్నం కాదు, తల్లీ బిడ్డల ప్రాణం. ఈ మండపంలోని ప్రతి తల్లి విషయంలోనూ ఆ ప్రార్థన ఫలించాలని స్వామిని వేడుకొంటున్నాను.

శుభం భూయాత్.